వంద డాలర్లు ఎన్నిసార్లు? బీమా నియంత్రణ సంస్థకు టోలిచౌకి నుంచి బహిరంగ లేఖ

అధ్యక్షులు,
భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ),
ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ, హైదరాబాద్.

విషయం: కుటుంబ ప్రయాణ బీమాలో డిడక్టిబుల్ ఎంతో, దాన్ని ఎన్నిసార్లు పట్టుకుంటారో పాలసీ మొదటి పేజీలోనే రాయించడం.

గౌరవనీయులైన అధ్యక్షులకు,

ప్రయాణ బీమాలో ఖర్చు వచ్చినప్పుడు మొదటి కొంత మొత్తాన్ని పాలసీదారే భరించాలి. ఆ పైది కంపెనీ ఇస్తుంది. ఆ మొదటి మొత్తమే డిడక్టిబుల్. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో కొన్న పాలసీల మీద ఇది ఎక్సెస్ అనే పేరుతో ఉంటుంది. భారతదేశంలో అమ్మే విదేశీ ప్రయాణ పాలసీల్లో వైద్య ఖర్చుల ఎదురుగా 100 డాలర్ల డిడక్టిబుల్ తరచుగా కనిపిస్తుంది. ఒంటరిగా వెళ్లే మనిషికి ఈ అంకెతో భారం దాదాపు తెలిసిపోతుంది. నలుగురున్న కుటుంబానికి తెలియదు. ఆ 100 డాలర్లు ప్రయాణం మొత్తానికి ఒకసారా, మనిషికి ఒకసారా, జబ్బు జబ్బుకీనా అన్నది తేలాలి. పాలసీ పత్రంలో ఎంత అన్న అంకె పైనే ఉంటుంది. ఎన్నిసార్లు అన్న మాట లోపలి పేజీల్లో, నిర్వచనాల నడుమ ఉంటుంది. కుటుంబం జేబుకు పడే చిల్లు ఎంతో తేల్చేది ఆ రెండో మాటే.

ఈ ప్రశ్న టోలిచౌకిలో ఇంటింటిదీ. గల్ఫ్‌లో ఉద్యోగం చేసేవారి దగ్గరికి సెలవులకు వెళ్లే భార్యాపిల్లలు, ఉమ్రాకు వెళ్లే పెద్దలు, అమెరికాలో కోడలి కాన్పుకో కూతురు కాన్పుకో ఆరు నెలలకు బయల్దేరే తల్లిదండ్రులు ఈ బస్తీల్లో కొత్త కాదు. వారిలో చాలామంది టికెట్టు, వీసా, బీమా మూడూ ఒకే ట్రావెల్ ఏజెంటు దగ్గర, ఒకేసారి కానిచ్చేస్తారు. 2022 జనవరి 1న ప్రారంభమైన షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి పడమటికి సాగితే నానక్‌రామ్‌గూడ వస్తుంది. 2023 మార్చి నుంచి అమెరికా కాన్సులేట్ అక్కడే ఉంది, బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయమూ ఆ చుట్టుపక్కలే ఉంది. వీసా ఇంటర్వ్యూకు వెళ్లే కుటుంబం ఏ కాగితం పట్టుకెళ్లాలో ఏజెంటు పూస గుచ్చినట్టు చెబుతాడు. డిడక్టిబుల్ సంగతి అడిగితే తప్ప చెప్పడు. అడగాలని ఆ కుటుంబానికి తెలియదు.

విదేశీ ప్రయాణానికి వైద్య బీమా ఈ దేశానికి కొత్తది కాదు. 1984లోనే జనరల్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ కింది ప్రభుత్వ కంపెనీలు ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీని తెచ్చాయి. 1999 నాటి చట్టంతో నియంత్రణ సంస్థ ఏర్పడి ప్రైవేటు కంపెనీలు వచ్చాక పాలసీల రకాలు పెరిగాయి. 2015లో బీమా చట్టానికి చేసిన సవరణ ఆరోగ్య బీమా వ్యాపారం అంటే ఏమిటో నిర్వచిస్తూ ప్రయాణ బీమాను కూడా అందులో చేర్చింది. ఆరోగ్య పాలసీలకు ఐఆర్‌డీఏఐ తయారుచేసిన ప్రామాణిక నిర్వచనాలే నేడు ప్రయాణ పాలసీల పత్రాల్లోనూ కనిపిస్తాయి. డిడక్టిబుల్ నిర్వచనంలో మూడు సంగతులున్నాయి. ఖర్చు తిరిగి చెల్లించే పాలసీల్లో ఫలానా మొత్తానికి కంపెనీ బాధ్యత ఉండదు. ఆసుపత్రిలో రోజుకు ఇంతని ఇచ్చే పాలసీల్లో ఫలానా రోజులకు లేదా గంటలకు బాధ్యత ఉండదు. ఈ కోత వల్ల బీమా మొత్తం తగ్గదు. ఆ నిర్వచనం కిందే ఇంకో వాక్యం కూడా ఉంది: డిడక్టిబుల్ ఏడాదికా, మనిషికా, సంఘటనకా అన్నది కంపెనీ స్పష్టం చేయాలి. ఈ లేఖ అడిగేదానికి ఆధారం ఆ వాక్యమే.

డిడక్టిబుల్‌ను పట్టుకునే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. మొదటిది, పాలసీకి ఒకసారి. ఇల్లు కదిలినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా కుటుంబంలో అందరి వైద్య ఖర్చులూ కలిపి 100 డాలర్లు దాటితే ఆ పైదంతా కంపెనీదే. రెండోది, సంఘటనకు ఒకసారి. ఒకే ప్రమాదంలో, ఒకే కారణంతో ఎంతమందికి చికిత్స జరిగినా ఒకటే కోత. మూడోది, మనిషికి ఒకసారి. ప్రతి ఒక్కరికీ ప్రయాణం మొత్తంలో వారి వారి 100 డాలర్లు నిండాలి. నాలుగోది, మనిషి మనిషికీ, జబ్బు జబ్బుకీ. ఒకే పిల్లవాడు రెండు వేర్వేరు జబ్బులతో రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్తే రెండుసార్లు కోత.

తేడా లెక్కలోనే తేలుతుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు పది రోజులకు దుబాయ్ వెళ్లారనుకుందాం. రెండో రోజున బయట తిన్నది వికటించి నలుగురూ క్లినిక్‌కు వెళ్లారు. ఒక్కొక్కరికి 90 డాలర్ల చొప్పున 360 డాలర్లయింది. ఆరో రోజున చిన్నవాడికి చెవిపోటు వచ్చింది, ఆ బిల్లు 150 డాలర్లు. మొత్తం ఖర్చు 510 డాలర్లు. లెక్క సులువుగా ఉండేందుకు డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 45,900 రూపాయలు.

పాలసీకి ఒకసారి పద్ధతిలో మొదటి బిల్లుల్లోనే 100 డాలర్లు తీరిపోతాయి. మిగిలిన 410 డాలర్లు కంపెనీ ఇస్తుంది, కుటుంబం మీద పడేది 9,000 రూపాయలు. సంఘటనకు ఒకసారి పద్ధతిలో వాంతులు ఒక సంఘటన, చెవిపోటు మరొకటి. కంపెనీ మొదటిదానికి 260, రెండోదానికి 50 డాలర్లు ఇస్తుంది, కుటుంబం పెట్టుకునేది 200 డాలర్లు, అంటే 18,000 రూపాయలు. మనిషికి ఒకసారి పద్ధతిలో వాంతుల రోజున ఎవరి బిల్లూ 100 డాలర్లు దాటలేదు కాబట్టి కంపెనీ ఏమీ ఇవ్వదు. చిన్నవాడి ఖాతాలో అప్పటికే 90 డాలర్లు పడ్డాయి, ఇంకో 10 నిండితే చాలు, చెవిపోటు బిల్లులో 140 వస్తాయి. కుటుంబానికి మిగిలే భారం 370 డాలర్లు, 33,300 రూపాయలు. జబ్బు జబ్బుకీ కోసే పద్ధతిలో వాంతులకు సున్నా, చెవిపోటుకు 50 డాలర్లు మాత్రమే వస్తాయి. కుటుంబం 460 డాలర్లు, అంటే 41,400 రూపాయలు భరిస్తుంది. నాలుగు పాలసీల మీదా పైకి రాసి ఉన్నది ఒకటే: డిడక్టిబుల్ 100 డాలర్లు.

జబ్బుకొకసారి అన్నప్పుడు ఒక జబ్బు ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్న వస్తుంది. దీనికి ప్రామాణిక నిర్వచనం ఉంది. తగ్గినట్టే తగ్గి, ఆసుపత్రిలో చివరిసారి చూపించుకున్న 45 రోజుల్లోపు తిరగబెట్టిన జబ్బును కొత్త జబ్బుగా కాక పాతదాని కొనసాగింపుగానే లెక్కించాలి. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరి, ఇంటికొచ్చిన పది రోజులకు మళ్లీ చేరిన తాతగారి విషయంలో రెండోసారి డిడక్టిబుల్ పట్టుకుంటే ఆ కోతను ప్రశ్నించవచ్చు. కంపెనీకి పంపే కాగితాల్లో అదే జబ్బు తిరగబెట్టిందని డాక్టరు రాసిన మాట ఉండేలా చూసుకోవాలి.

డిడక్టిబుల్ వైద్య ఖర్చులకే పరిమితం కాదు. ప్రయాణ పాలసీ అంటే అనేక విభాగాల మూట: వైద్యం, దంతవైద్యం, సామాను పోవడం, సామాను ఆలస్యం, పాస్‌పోర్టు పోవడం, ప్రయాణం రద్దు, విమానం ఆలస్యం, ఇతరులకు కలిగించిన నష్టానికి బాధ్యత. కోత ఉన్న ప్రతి విభాగానికీ దాని కోత దానిదే. టాక్సీ ప్రమాదంలో చెయ్యి విరిగి, అదే గందరగోళంలో పాస్‌పోర్టు కూడా పోతే సంఘటన ఒకటే అయినా విభాగాలు రెండు, కోతలూ రెండు. మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి ఇంతని నిర్ణయించి ఇచ్చే ప్రమాద బీమా భాగానికి సాధారణంగా డిడక్టిబుల్ ఉండదు. అక్కడ తిరిగి చెల్లించాల్సిన బిల్లు ఉండదు కనుక.

ఆలస్యాల విభాగంలో కోత గంటల్లో ఉంటుంది. సామాను 12 గంటలకు పైగా ఆలస్యమైతేనే చెల్లిస్తామన్న పాలసీలో సూట్‌కేసు 11 గంటలకు చేతికొస్తే, ఆలోగా పసిబిడ్డకు కొన్న బట్టలకూ పాల సీసాకూ కంపెనీ నుంచి పైసా రాదు. గంటలు ఎక్కడి నుంచి లెక్కించాలన్నదీ పాలసీలోనే ఉంటుంది, విమానం దిగిన సమయం చాలాచోట్ల ఆధారం. విమానాశ్రయం వదలకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో సామాను ఫిర్యాదు పత్రం తీసుకోకపోతే గంటలు రుజువు చేయడం కష్టం. సామాను పూర్తిగా పోతే మొదటి బాధ్యత విమాన సంస్థది. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆ బాధ్యత హద్దు 2024 డిసెంబరు 28 నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్. ఎయిర్‌లైన్ ఇచ్చింది పోగా మిగిలిన నష్టానికే బీమా పాలసీ సాధారణంగా వర్తిస్తుంది. దానికీ ఒక్కో పెట్టెకు ఇంత శాతం, ఒక్కో వస్తువుకు ఇంత శాతం అన్న హద్దులు తోడవుతాయి.

డిడక్టిబుల్‌తో కలగాపులగమయ్యేవి ఇంకో రెండున్నాయి. కో-పే అంటే ఒప్పుకున్న ఖర్చులో పాలసీదారు భరించాల్సిన శాతం. బిల్లు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలు అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో 5 శాతం కో-పే పెట్టింది ఐఆర్‌డీఏఐయే కాబట్టి ఆ సంగతి ఈ దేశపు పాలసీదారులకు కొంత పరిచయమే. సబ్‌లిమిట్ అంటే గది అద్దె, ఐసీయూ, సర్జన్ ఫీజు వంటి ఒక్కో పద్దుకు పెట్టిన హద్దు. డిడక్టిబుల్ ఆసుపత్రి బిల్లులోంచి కాదు, ఈ హద్దుల తర్వాత కంపెనీ ఒప్పుకున్న మొత్తంలోంచి పోతుంది. 1,000 డాలర్ల బిల్లులో గది అద్దె హద్దు వల్ల 300 ఎగిరిపోతే, మిగిలిన 700లో 100 పోయి చేతికొచ్చేది 600.

కో-పే, డిడక్టిబుల్ రెండూ ఉన్న పాలసీలో ఏది ముందన్నదీ లెక్క మారుస్తుంది. ఒప్పుకున్న మొత్తం 1,000 డాలర్లు, డిడక్టిబుల్ 100, కో-పే 20 శాతం అనుకుంటే, ముందు 100 తీసి తర్వాత శాతం తీస్తే 720 వస్తుంది. ముందు శాతం తీసి తర్వాత 100 తీస్తే 700 వస్తుంది. పెద్ద బిల్లుల్లో మాత్రం బీమా మొత్తం తగ్గదన్న నిర్వచనం అక్కరకొస్తుంది. 50,000 డాలర్ల పాలసీకి 60,000 డాలర్ల ఖర్చు ఒప్పుకుంటే, 100 పోగా ఉన్నది 59,900. కంపెనీ ఇవ్వాల్సింది పూర్తి 50,000. ఆ 50,000లోంచి 100 కోసి 49,900 చేతిలో పెడితే అది నిర్వచనానికి విరుద్ధం.

కుటుంబ పాలసీ అన్నంత మాత్రాన ఇంట్లో అందరూ అందులో ఇమడరు. పెద్దలిద్దరు, పిల్లలిద్దరు అన్నది ఎక్కువ పాలసీల చట్రం. అరవై దాటిన తల్లిదండ్రులకు తరచు విడి పాలసీ తీసుకోవాలి. వయసు పెరిగేకొద్దీ ప్రీమియంతో పాటు డిడక్టిబుల్, సబ్‌లిమిట్లు కూడా బిగుస్తాయి. ముందునుంచే ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులకు కొన్ని పాలసీల్లో ప్రాణాపాయ స్థితిలో తప్ప ఏమీ రాదు, వచ్చే చోట కూడా మామూలుకన్నా పెద్ద డిడక్టిబుల్ ఉండవచ్చు. అందుకని ఒకే విమానం ఎక్కిన ఆరుగురికి రెండు పాలసీలు, రెండు రకాల కోతలు ఉండే వీలుంది. కుటుంబంలో ఎవరికి ఏది వర్తిస్తుందో ప్రయాణానికి ముందే ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోవడం మంచిది.

అమెరికా వెళ్లే పెద్దలకు పిల్లలు అక్కడి నుంచే విజిటర్ పాలసీ కొనడం తెలుగు కుటుంబాల్లో ఎక్కువ. అక్కడి ప్లాన్లలో డిడక్టిబుల్‌ను కొనేవారే ఎంచుకుంటారు. సున్నా, 100, 250, 500, 1,000 డాలర్లు, ఆ పైనా ఉంటాయి. కొన్నింటిలో అది పాలసీ కాలానికి ఒకసారి, కొన్నింటిలో జబ్బుకొకసారి. పద్దుకు ఇంతని ముందే హద్దు కట్టే ప్లాన్లు ఒక రకం. విస్తృత ప్లాన్లు ఇంకో రకం, వాటిలో డిడక్టిబుల్ తర్వాత మొదటి 5,000 డాలర్లలో 80 శాతం, ఆపైన పూర్తిగా చెల్లించే అమరిక తరచు కనిపిస్తుంది. అలాంటి ప్లాన్లో ఒప్పుకున్న బిల్లు 6,100 డాలర్లయితే 100 డిడక్టిబుల్ పోయి 6,000 ఉంటుంది. మొదటి 5,000లో 4,000, తర్వాతి 1,000 పూర్తిగా కంపెనీ ఇస్తుంది. కుటుంబానికి మిగిలేది 1,100 డాలర్లు. డిడక్టిబుల్ 100 అన్న మాట చూసి 100తో పోతుందనుకున్నవారికి పదకొండు రెట్ల బిల్లు ఎదురవుతుంది. హద్దులు కట్టిన ప్లాన్లో ఇంతకన్నా ఎక్కువే మిగలవచ్చు. అక్కడి ఆసుపత్రి ఛార్జీలతో ఆ హద్దులు తూగవు.

డిడక్టిబుల్ ఎక్కువైతే ప్రీమియం తగ్గుతుంది, సున్నా చేయించుకుంటే పెరుగుతుంది. ఏది మేలో తేల్చడానికి భాగహారం ఒకటి చాలు. 100 డాలర్ల డిడక్టిబుల్ ఉన్న కుటుంబ పాలసీ 4,000 రూపాయలు, సున్నా డిడక్టిబుల్ ఉన్నది 4,900 అనుకుంటే తేడా 900. 100 డాలర్లు దాటిన ఒక్క క్లెయిములో సున్నా డిడక్టిబుల్ వల్ల ఆదా అయ్యేది 9,000 రూపాయలు. పది ప్రయాణాల్లో ఒక్కదానిలోనైనా అలాంటి క్లెయిము వస్తుందనుకునే కుటుంబానికి సున్నా డిడక్టిబుల్ నష్టం కాదు. చిన్న పిల్లలున్నచోట ఆ అవకాశం ఎక్కువ, జ్వరాలు, చెవిపోట్లు, కడుపునొప్పుల బిల్లులు చిన్నవే అయినా డిడక్టిబుల్ మింగేసేవి ఆ చిన్న బిల్లులనే. నాలుగు రోజుల సింగపూర్ యాత్రకు వెళ్లే ఆరోగ్యవంతులైన ఇద్దరికి డిడక్టిబుల్ ఉంచుకుని, ఆ డబ్బుతో బీమా మొత్తాన్ని పెంచుకోవడం తెలివైన పని. పెద్ద ప్రమాదానికి బీమా మొత్తం అడ్డుపడుతుంది, చిన్న ఖర్చులకు సున్నా డిడక్టిబుల్ అడ్డుపడుతుంది. ఏ భయం ఎక్కువో చూసి డబ్బు అటు పెట్టాలి.

వీసా కోసం కొనే పాలసీ దగ్గర ఈ లెక్క తరచు మరుగున పడుతుంది. 2009 నాటి ఐరోపా వీసా నియమావళి ప్రకారం షెంగెన్ దేశాలకు వెళ్లేవారికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, అది షెంగెన్ ప్రాంతమంతటా, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. కుటుంబం చూసుకునేది ఆ అంకె, ఆ తేదీలు. దాంతో వీసా షరతు తీర్చే చవకైన సర్టిఫికెట్ ఏదో అదే కొంటారు. ఉమ్రా వీసాతో పాటే సౌదీ ప్రభుత్వం తప్పనిసరి చేసిన బీమా ఉంటుంది. యాత్రికులు ఇక్కడ మరో పాలసీ కొనేముందు అందులో ఏవి ఉన్నాయో, ఏవి లేవో ఏజెంటు ద్వారా తెలుసుకోవాలి. టూర్ ఆపరేటర్ ప్యాకేజీతో వచ్చే గ్రూప్ బీమాలోనూ, ఫిల్మ్‌నగర్ నుంచి పాటల చిత్రీకరణకు విదేశం వెళ్లే యూనిట్‌కు నిర్మాణ సంస్థ తీసుకునే గ్రూప్ బీమాలోనూ అసలు పాలసీ నిర్వాహకుడి దగ్గర ఉంటుంది. ప్రయాణికుడి చేతికొచ్చేది ఒక పేజీ సర్టిఫికెట్. డిడక్టిబుల్ నియమం ఆ పేజీలో లేకపోతే దాన్ని చూసే అవకాశమే ఉండదు.

విదేశంలో జబ్బు చేసినప్పుడు ముందుగా పాలసీ మీదున్న సహాయ కేంద్రం నంబరుకు ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో చేరే చికిత్సకు నగదు రహిత సదుపాయం కుదిరినా డిడక్టిబుల్ మొత్తాన్ని అక్కడికక్కడే కట్టమంటారు. బయటి రోగిగా చూపించుకుంటే సాధారణంగా మొత్తం కట్టి తర్వాత తెప్పించుకోవాలి. డిడక్టిబుల్ కన్నా తక్కువ బిల్లు కదా అని రసీదు పారేయకూడదు. పాలసీకి ఒకసారి, మనిషికి ఒకసారి పద్ధతుల్లో ఆ చిన్న బిల్లులే కలిసి డిడక్టిబుల్‌ను నింపుతాయి. దుబాయ్ ఉదాహరణలో చిన్నవాడి 90 డాలర్ల రసీదు లేకపోతే చెవిపోటు బిల్లులో వచ్చేది 140 కాదు, 50. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇంకో వెసులుబాటు ఉంది. ఐరోపా దేశాల్లో వారి ప్రభుత్వ ఆరోగ్య కార్డు చూపి ఖర్చు తగ్గించుకుంటే కొన్ని బీమా సంస్థలు వైద్య ఎక్సెస్‌ను మాఫీ చేస్తాయి.

క్లెయిము తేలాక వచ్చే వివాదాల్లో న్యాయం ఎటు మొగ్గుతుందో సుప్రీంకోర్టు తీర్పులు కొంత చెప్పాయి. పాలసీలో రెండు అర్థాలకు తావిచ్చే మాట ఉంటే రాసిన కంపెనీకి వ్యతిరేకంగా అర్థం చెప్పుకోవాలన్న సూత్రాన్ని 1966లో చంద్‌మల్ జైన్ కేసులో కోర్టు ప్రస్తావించింది. పాలసీదారుకు తెలియజేయని మినహాయింపు షరతును కంపెనీ తనకు అనుకూలంగా వాడుకోలేదని 2000లో మోడరన్ ఇన్సులేటర్స్ కేసులో తీర్పిచ్చింది. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి నెల రోజులు గడిచినా జవాబు లేకపోయినా, జవాబు తృప్తిగా లేకపోయినా, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉన్న హైదరాబాద్ బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, 50 లక్షల రూపాయల దాకా పరిహారం చెప్పే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అయితే డిడక్టిబుల్ నియమం పాలసీలో స్పష్టంగా రాసి ఉంటే, కొనేటప్పుడు చదవలేదన్న వాదన ఎక్కడా నిలవదు. అందుకే సరిచేయాల్సిన చోటు ఫిర్యాదు దగ్గర లేదు, అమ్మకం దగ్గర ఉంది.

ఆ దిశలో ఐఆర్‌డీఏఐ ఇప్పటికే కొన్ని అడుగులు వేసింది. టికెట్లు అమ్మే వెబ్‌సైట్లు ప్రయాణ బీమా గడిలో ముందే టిక్కు పెట్టి అమ్మకూడదని 2019లో చెప్పింది. ఆరోగ్య పాలసీలతో ఇవ్వాల్సిన వినియోగదారు సమాచార పత్రాన్ని సవరించి 2024 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. సబ్‌లిమిట్, కో-పే, డిడక్టిబుల్ అందులో విడివిడిగా కనిపించాలి, పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య 2018 అక్టోబరు 1 నుంచి సాధారణ బీమా ఉత్పత్తులకు ఇలాంటి చిన్న పత్రాన్ని ఒకే నమూనాలో తప్పనిసరి చేసింది. ఏ కంపెనీ పత్రం తీసినా ఒకే ప్రశ్నకు జవాబు ఒకే చోట దొరుకుతుంది. ఇక్కడి ప్రయాణ పాలసీల విషయంలో మిగిలిన లోటును పూడ్చడానికి ఐదు పనులు చాలు.

ఒకటి, సమాచార పత్రంలో డిడక్టిబుల్ అంకె పక్కనే ఎన్నిసార్లు అన్న గడి ఉండాలి. పాలసీకి ఒకసారి, సంఘటనకు ఒకసారి, మనిషికి ఒకసారి, మనిషి మనిషికీ జబ్బు జబ్బుకీ అన్న నాలుగింటిలో ఒకదానికి కంపెనీ గుర్తు పెట్టాలి. రూపాయల్లో విలువ కూడా ఉండాలి.

రెండు, నియంత్రణ సంస్థే ఒక నమూనా కుటుంబాన్ని, నమూనా బిల్లులను నిర్ణయించి ఇవ్వాలి. ఆ బిల్లులకు తమ పాలసీ ఎంత చెల్లిస్తుందో, కుటుంబానికి ఎంత మిగులుతుందో ప్రతి కంపెనీ ఒక్క వాక్యంలో రాయాలి. బిల్లులు అందరికీ ఒకటే కాబట్టి రెండు పాలసీలను పక్కపక్కన పెట్టి పోల్చడం పదో తరగతి చదివినవారికీ సాధ్యమవుతుంది.

మూడు, పాలసీలను పోల్చి చూపే వెబ్‌సైట్లు, ఏజెంట్లు ప్రీమియం, బీమా మొత్తంతో పాటు డిడక్టిబుల్ పద్ధతిని కూడా అదే వరుసలో చూపాలి. సున్నా డిడక్టిబుల్ ధర ఎంతో చెప్పాలి.

నాలుగు, ఈ పత్రం డబ్బు కట్టకముందే చేతికి రావాలి. కొనుక్కున్నాక నచ్చకపోతే తిరిగిచ్చే 30 రోజుల గడువు ఏడాదికి తక్కువ కాలపు పాలసీలకు లేదు. పది రోజుల ప్రయాణ పాలసీ కొన్నవారికి తర్వాత చదివి వెనక్కివ్వగలిగే వెసులుబాటు ఉండదు. టోలిచౌకి వంటి చోట ఆ పత్రం తెలుగులోనూ, ఉర్దూలోనూ అడిగిన వెంటనే దొరకాలి. గ్రూప్ పాలసీ కింద ఇచ్చే ఒక పేజీ సర్టిఫికెట్‌కూ ఇదే వర్తించాలి.

ఐదు, ఒకే ప్రమాదంలోనో ఒకే భోజనం వల్లో కుటుంబంలో పలువురికి ఒకేసారి చికిత్స అవసరమైతే వైద్య విభాగంలో ఒక్కటే డిడక్టిబుల్ పట్టుకునే నిబంధనను కుటుంబ పాలసీలన్నింటికీ వర్తింపజేయాలి. కుటుంబం పేరుతో అమ్మి, కోత మాత్రం విడి మనుషులుగా లెక్కగడితే ఆ పాలసీ నాలుగు ఒంటరి పాలసీలను ఒక కవరులో పెట్టినట్టే అవుతుంది. ఇందుకు ప్రీమియం కొంత పెరగవచ్చు, ఆ పెరుగుదల ఎంతో కొనేవారికి ముందే తెలుస్తుంది.

ఈ ఐదింటిలో మొదటి నాలుగింటికి కొత్త చట్టం అక్కర్లేదు. డిడక్టిబుల్ ఏ లెక్కన పట్టుకుంటారో స్పష్టం చేయాలన్న నియమం ఐఆర్‌డీఏఐ నిర్వచనంలోనే ఉంది, దాన్ని పాలసీదారు చదివే పేజీలోకి తేవడానికి ఒక సర్క్యులర్ సరిపోతుంది. ఐదోదానికి కంపెనీలతో చర్చ, లెక్కల పరిశీలన కావాలి. వచ్చే వేసవి సెలవుల ప్రయాణాలకు ముందే మొదటి నాలుగూ అమల్లోకి తేవాలని మనవి.

ఇట్లు,
ఒక పాలసీదారు,
టోలిచౌకి, హైదరాబాద్.